గేమ్ మధ్యలో తెర నల్లబడుతోందా?

ప్రశ్న: గేమ్ మొదలెట్టిన పావుగంటకే తెర నల్లబడి కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది. గ్రాఫిక్స్ కార్డు కొని నాలుగేళ్లయింది. మార్చేయాలా?

జవాబు: తొందరపడకండి. గేమ్ నడుస్తుండగా, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు అంకెలు చూడండి: కోర్ వేడి (కార్డు ప్రధాన చిప్‌ది), హాట్‌స్పాట్ (ఆ చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కిన చోటు). తేడా 10-20 డిగ్రీలుంటే మామూలే. కోర్ 75 దగ్గరుండి హాట్‌స్పాట్ 105 దాటుతుంటే చిప్ వేడిని పైనున్న లోహపు హీట్‌సింక్‌కి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. హీట్‌సింక్ విప్పించి, పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది రాయించండి. మెమరీ చిప్‌ల మీదుండే మెత్తటి ప్యాడ్లు చిరిగితే అదే మందానివి వేయాలి. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింక్ చిప్‌కి సరిగా ఆనదు. చాలామంది తప్పేది ఇక్కడే.

వేడి అదుపులోనే ఉన్నా రీస్టార్ట్ అవుతుంటే అనుమానం పవర్ సప్లై మీద. ఒకే కేబుల్‌కున్న రెండు కొసలూ కార్డుకి గుచ్చి ఉంటే, విడివిడి కేబుళ్లు వేసి చూడండి.