పెళ్ళి కాని కాపురం: ఇల్లు ఎవరిది, పింఛను ఎవరికి?

ప్రశ్న: లాయరు మేడమ్ గారికి నమస్కారం. మాది మిర్యాలగూడ. నాకు 44 ఏళ్ళు, బట్టలు కుడతాను. నా భర్త చనిపోయాక, రైసుమిల్లులో ఆపరేటరుగా పనిచేసే ఒకాయనతో 11 ఏళ్ళుగా ఉంటున్నాను. ఆయన భార్య అంతకుముందే పోయింది, వాళ్ళకు పిల్లల్లేరు. మాకు తొమ్మిదేళ్ళ పాప. కులాలు వేరని మావాళ్ళు, ఈ వయసులో పెళ్ళేమిటని ఆయనవాళ్ళు అనడంతో పెళ్ళిమాట ఆగిపోయింది. చేసుకుంటే నా వితంతు పింఛను పోతుందన్న భయం కూడా ఉంది. మొన్న ఆయనకు గుండెకు స్టెంటు వేశారు. ఆస్పత్రిలో ఉండగానే వాళ్ళన్నయ్య నన్ను పక్కకు పిలిచి, "రేపు వాడికేమన్నా అయితే ఆ ఇంట్లో నీకేం పని?" అన్నాడు. ఇల్లు ఆయన కష్టార్జితం. నాకూ పాపకూ ఏ హక్కూ లేదా?

జవాబు: అమ్మా, ఆ మాటకు బెదరకండి. అలాగని తేలిగ్గానూ తీసుకోకండి. మీలాంటివాళ్ళు చాలామంది నా దగ్గరికి పెద్దకర్మ అయిపోయాక వస్తారు. బీరువా తాళాలు అప్పటికే ఎవరి చేతికో వెళ్ళిపోయి ఉంటాయి. మీ మనిషి ఇంటికి తిరిగొచ్చాడు, సంతకం పెట్టగలడు. కాబట్టి ఈ నెలలోనే కొన్ని పనులు పూర్తి చేసుకోండి.

ముందు మీ తల దించుకునేలా ఎవరైనా మాట్లాడితే, ఇద్దరు మేజర్లు పెళ్ళి లేకుండా కలిసి ఉండటం నేరం కాదని నటి ఖుష్బూ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పిందని గుర్తుంచుకోండి. 2005 నాటి గృహహింస చట్టం పెళ్ళిలాంటి బంధంలో ఉన్న స్త్రీకి కూడా వర్తిస్తుంది. దానికి షరతులేమిటో వేలుసామి కేసులో 2010లోనే సుప్రీంకోర్టు తేల్చింది: నలుగురిలో భార్యాభర్తల్లా మెలగాలి, పెళ్ళీడు వచ్చి ఉండాలి, చట్టప్రకారం ఒకరినొకరు పెళ్ళాడటానికి అడ్డేమీ ఉండకూడదు, ఇష్టపడి చాలాకాలం కలిసి ఉండాలి. మీ ఇద్దరిలో ఎవరికీ బతికున్న భార్యగానీ భర్తగానీ లేరు. మీ బలం అదే. మగవాడికి పెళ్ళయిందని తెలిసీ అతనితో ఉన్న ఒకావిడకు 2013లో ఇదే సుప్రీంకోర్టులో ఈ రక్షణ దొరకలేదు. మిమ్మల్ని ఇంట్లోంచి గెంటేయాలని చూస్తే 181కి ఫోన్ చేయండి. ఖాళీ చేయించకుండా మేజిస్ట్రేటు కోర్టులో ఆర్డరు అడగవచ్చు.

అయితే ఇంట్లో ఉండే హక్కు వేరు, ఇల్లు మీదవడం వేరు. మీరిద్దరూ హిందువులే అనుకుని రాస్తున్నాను. వీలునామా లేకుండా మగవాడు చనిపోతే ఆస్తి ముందు భార్యకు, పిల్లలకు, తల్లికి వెళ్తుంది. అన్నదమ్ముల వంతు చాలా తర్వాత. అంటే ఆ అన్నయ్యకు ఇల్లు రావాలంటే మీరు భార్య కాదని, పాప వారసురాలు కాదని అనాలి. అనబోతున్నాడు కూడా. చాలా ఏళ్ళు ఆలుమగలుగా బతికితే పెళ్ళి అయినట్టే భావించాలని 1978లోనూ 2022లోనూ సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. కానీ పెళ్ళి జరగలేదని రుజువైతే ఆ భావన నిలవదు. జరగలేదని మీరే రాశారు. కోర్టులో అబద్ధం ఆడమని నేను చెప్పను. పెళ్ళికాని జంటల పిల్లలకూ ఆస్తి వస్తుందంటూ కొందరు 2023 తీర్పును చూపిస్తారు. అది పెళ్ళి జరిగి, ఆ పెళ్ళి చట్టప్రకారం చెల్లని సందర్భాల్లో పుట్టిన పిల్లల గురించి. మీ పాపకు దాన్ని నమ్ముకోవద్దు.

అందుకే వీలునామా రాయించండి. కష్టార్జితం కాబట్టి ఆయన ఎవరికైనా రాయవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇంటి నంబరు, నాలుగు హద్దులు, మీ పేరు, పాప పేరు స్పష్టంగా ఉండాలి. "నాతో 11 ఏళ్ళుగా కలిసి ఉంటున్న ఫలానా ఆమెకు" అని ఉన్నదున్నట్టు రాయించండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇద్దరు సాక్షుల ఎదుట ఆయన సంతకం పెట్టాలి, ఆ ఇద్దరూ సంతకం చేయాలి. సాక్షులు ఆయనకంటే చిన్నవాళ్ళయితే మంచిది, రేపు కోర్టుకు రావాల్సింది వాళ్ళే. మీరు మాత్రం సాక్షి సంతకం పెట్టకండి. స్టెంటు పడిన మనిషి కాబట్టి మతిస్థిమితంతో ఉన్నాడని డాక్టరు చేత రాయించి దానికి జతచేయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ నేనైతే చేయించమంటాను. ఆయన కదల్లేకపోతే సబ్ రిజిస్ట్రారు ఇంటికి రావడానికి కూడా చట్టంలో వీలుంది. బ్యాంకు ఖాతానూ వీలునామాలో చేర్చండి. నామినీ డబ్బు తీసుకోగలరేగానీ అది వారసులకు చెందాల్సిన డబ్బే.

పీఎఫ్‌లో ఇంకా చనిపోయిన మొదటి భార్య పేరే ఉందేమో చూడండి. ఉంటే ఆయన ఫోన్‌లోనే ఈ-నామినేషన్‌లో పాప పేరు పెట్టి, పాప మైనరు కాబట్టి సంరక్షకురాలిగా మీ పేరు ఇవ్వండి.

ఇక పింఛను సంగతి. అవును, మళ్ళీ పెళ్ళి చేసుకుంటే వితంతు పింఛను ఆగిపోతుంది. ఆ 2,016 రూపాయలు మీ ఇంట్లో ఎంత పెద్ద మొత్తమో నాకు తెలుసు. కానీ పీఎఫ్‌తోపాటు ఉండే పింఛను పథకంలో ఆయన తదనంతరం భార్యకని నెలనెలా వచ్చే డబ్బు పెళ్ళాడిన భార్యకే, ఇలాగే ఉంటే భార్యగా మీకు రాదు. వారసత్వంలోనూ అంతే. నా సలహా అడిగితే, పెళ్ళి చేసుకోండి. ప్రత్యేక వివాహ చట్టం కింద మేళతాళాలు, తంతులు అక్కర్లేదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇస్తే దాన్ని 30 రోజులు బోర్డుకు అంటిస్తారు. తర్వాత ముగ్గురు సాక్షులతో సంతకాలు. అన్నయ్య అభ్యంతరం పెట్టినా కులం, వయసు ఎక్కువన్న మాట చెల్లవు. పెళ్ళయినా వీలునామా మానకండి, పాపకు అది కావాలి.

ఆధార్ చిరునామాలు, పాప జనన ధ్రువపత్రం, బడిలో తండ్రి పేరు రాసిన కాగితం, ఆస్పత్రి ఫారాల్లో మీరు పెట్టిన సంతకాలు అన్నీ జిరాక్సులు తీసి పుట్టింట్లోనో నమ్మకమైన పొరుగింట్లోనో పెట్టండి.

ప్రశ్న: నేను హనుమకొండలో నర్సుగా పనిచేస్తున్నాను. కలిసి ఉన్న అబ్బాయి, నేను గర్భవతినని తెలిశాక వెళ్ళిపోయాడు. బాబుకు ఆరు నెలలు. తండ్రి పేరు లేకుండా జనన ధ్రువపత్రం ఇచ్చేది లేదంటున్నారు. ఖర్చులకు అతన్ని అడగవచ్చా?

జవాబు: ఇవ్వాల్సిందే తల్లీ. పెళ్ళికాని తల్లి అఫిడవిట్ ఇస్తే చాలు, తండ్రి పేరు కోసం ఒత్తిడి చేయకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. కాదన్నారంటే ఆ కారణం రాసి ఇమ్మని అడగండి. ఖర్చుల విషయంలో, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద పెళ్ళి బయట పుట్టిన బిడ్డకూ భరణం అడిగే హక్కుంది. తండ్రిని కాదని అతనంటే డీఎన్ఏ పరీక్ష కోరవచ్చు. అతనితో తీసుకున్న ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయకండి, కోపంలో కూడా. లాయరు ఫీజు గురించి ఆలోచించకండి. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్ళందరికీ ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి.