అల్లుడికి, ఎమ్2 కొనే ముందు

చిరంజీవి అల్లుడికి,

ఆస్టిన్‌లో మీరంతా క్షేమమని తలుస్తాను. బీఎండబ్ల్యూ ఎమ్2 కొంటున్నానని, స్టిక్ (చేత్తో గేర్లు మార్చే మాన్యువల్) తీసుకోవాలో ఆటోమేటిక్ తీసుకోవాలో తేలడం లేదని నువ్వు పంపిన మెసేజ్ చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదిది. ఇక్కడ మిషిగన్‌లో నా ఉద్యోగమంతా గేర్‌బాక్సులు పరీక్షించడంలోనే గడిచింది. రిటైరయ్యాక జింజర్‌మ్యాన్ అనే రేస్ ట్రాక్‌లో కొత్తగా వచ్చేవాళ్ల పక్క సీట్లో కూర్చుని నేర్పిస్తున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రాక్‌కి స్టిక్, రోడ్డుకి ఆటోమేటిక్ అని చాలామంది అంటారు. నేను దానికి తలకిందులుగా చెబుతాను. నేర్చుకునేవాడికి ట్రాక్ మీద ఆటోమేటిక్ మంచిది. రోడ్డు మీద సరదాగా నడపడానికి స్టిక్ మంచిది. నువ్వు ట్రాక్‌కి వెళ్లేది ఎప్పుడో ఒకసారి, కొండదారుల్లో తిరిగేది వారం వారం అంటున్నావు గనక స్టిక్ తీసుకో. కాకపోతే కొన్ని షరతులున్నాయి, అవి కింద రాస్తాను.

వేగం కోసం స్టిక్ కొనే రోజులు పోయాయి, ఆ లెక్క పక్కన పెట్టేయ్. 1989లో ఫెరారీ 640 అనే ఫార్ములా వన్ కారులో స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌తో గేర్లు మార్చే పద్ధతి వచ్చింది. ఆ కారు మొదటి రేసులోనే, బ్రెజిల్‌లో, నైజెల్ మాన్సెల్ గెలిచాడు. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32లో డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ మామూలు రోడ్డు కారులోకి దిగింది. అందులో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి బేసి గేర్లకు, ఇంకొకటి సరి గేర్లకు. నువ్వు మూడో గేరులో ఉండగానే నాలుగో గేరు పడి సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుంటే రెండోది పట్టుకుంటుంది, మధ్యలో ఇంజిన్ లాగడం ఆగదు. ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరైనా క్లచ్ నొక్కి గేరు మార్చేటప్పుడు ఆ కాసేపు చక్రాలకు శక్తి అందదు.

నువ్వు చూస్తున్న ఎమ్2లో ఉన్నది డ్యూయల్ క్లచ్ కాదు, జెడ్‌ఎఫ్ కంపెనీ చేసిన 8 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, అంటే ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్సుకి అందించే రకం. టార్క్ కన్వర్టర్ అనగానే అమెరికా వచ్చిన కొత్తలో అద్దెకు తీసుకున్న పాత సెడాన్లు గుర్తుచేసుకోకు. ఇందులో బండి కదిలిన కాసేపటికే లోపలి క్లచ్ లాక్ అయిపోయి ఇంజినుకూ గేర్‌బాక్సుకూ నేరుగా కనెక్షన్ ఇస్తుంది. గేరును పట్టి ఉంచే భాగాలు ఐదుంటే, ఏ గేరులోనైనా వాటిలో రెండే వదులుగా తిరుగుతాయి, అందుకే ఊరికే అరిగిపోయే శక్తి తక్కువ. ఈ పెట్టె అంత బాగుంది కాబట్టే బీఎండబ్ల్యూ తన ఎమ్3, ఎమ్4లలో డ్యూయల్ క్లచ్ మానేసి దీనికి మారింది.

లెక్కల్లో కూడా తేడా కనిపిస్తుంది. 2025 మోడల్ ఎమ్2లో రెండింటికీ 473 హార్స్‌పవరే. కానీ టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఆటోమేటిక్‌కి 600 న్యూటన్ మీటర్లు, స్టిక్‌కి 550 మాత్రమే. 60 మైళ్ల వేగానికి ఆటోమేటిక్ 3.9 సెకన్లు, స్టిక్ 4.1 సెకన్లు అని కంపెనీ చెబుతుంది. ఇంకా గట్టి వెర్షన్ ఎమ్2 సీఎస్‌ని ఆటోమేటిక్‌తోనే ఇచ్చారు. పోర్షే 911 జీటీ3లో ఈ దూరం ఇంకా పెద్దది. 992 మోడల్‌లో గంటకు 100 కిలోమీటర్లు అందుకోవడానికి పీడీకే అనే పోర్షే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌కి 3.4 సెకన్లు, మాన్యువల్‌కి 3.9.

మరి ఇంత తేడా ఉండి కూడా జనం స్టిక్ ఎందుకు అడుగుతున్నారు? ఆ పోర్షే కథలోనే జవాబుంది. 2013లో జీటీ3ని పీడీకేతో మాత్రమే తెచ్చారు. కారు మునుపటి కంటే వేగంగా ఉంది, అయినా ఆ కారును ప్రాణంగా చూసుకునేవాళ్లు ఊరుకోలేదు. 2016లో మాన్యువల్‌తో 911 ఆర్ అని 991 కార్లే చేస్తే వాటి కోసం పోటీ పడ్డారు. 2017లో జీటీ3లోకి మాన్యువల్ తిరిగొచ్చింది. టొయోటా సుప్రా కూడా అంతే, 2019లో ఆటోమేటిక్‌తోనే వచ్చి, 2023 మోడల్‌కి మాన్యువల్ తెచ్చుకుంది. స్టాప్‌వాచ్ ముందు ఓడిపోతుందని తెలిసే వీళ్లంతా మాన్యువల్ అడిగారు.

రోడ్డు మీద సంగతి ఆలోచించు. శాన్ ఆంటోనియోకి పడమటి వైపు ట్విస్టెడ్ సిస్టర్స్ అంటారే, 335, 336, 337 నంబర్ల రాంచ్ రోడ్లు, అక్కడికి వెళ్తున్నానన్నావు. ఎమ్2లో రెండో గేరు ఎర్రగీత దాకా, అంటే ఇంజిన్ చుట్లకు పెట్టిన హద్దు దాకా, లాగావంటే చాలా రోడ్ల మీద స్పీడ్ లిమిట్ దాటిపోతావు. ఆటోమేటిక్‌లో ఆ ఆనందం రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత మిగిలేది కాలు వెనక్కి తీసుకోవడమే. స్టిక్ అయితే 45 మైళ్ల దగ్గర కూడా నీకు చేతినిండా పని ఉంటుంది. మలుపు ముందు మూడు నుంచి రెండుకి దించడం, ఇంజిన్ చుట్లు సరిగ్గా కలపడం, క్లచ్ పట్టే చోటు పాదానికి తెలియడం, ఇవన్నీ లిమిట్ లోపలే దొరుకుతాయి. ఎదురుగా ఎవరు వస్తారో తెలియని దారిలో నిన్ను నెమ్మదిగానే సంతోషపెట్టే బండి కావాలి. నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యమైన కారణం.

ట్రాక్ మీద పరిస్థితి వేరు. మీ ఊళ్లోనే ఉన్న సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ తీసుకో. 20 మలుపులు. వెనక వైపు పొడవాటి స్ట్రెయిట్ చివర పన్నెండో మలుపు దగ్గర గట్టిగా బ్రేక్ వెయ్యాలి, గేర్లు బాగా కిందికి దించాలి, మలుపులోకి తిప్పే చోటు చూసుకోవాలి. కొత్తవాడు స్టిక్‌తో వస్తే అక్కడ కళ్లు గేరు లివర్ మీదికి పోతాయి, బ్రేక్ మీద ఒత్తిడి తగ్గుతుంది, బండి మలుపు బయటి వైపుకి జారిపోతుంది. ఇది నేను పక్క సీట్లో కూర్చుని మళ్లీ మళ్లీ చూసే దృశ్యం. ఆటోమేటిక్‌లో వచ్చినవాడు మొదటి రోజే బ్రేకింగ్, లైన్ (మలుపులో బండి పట్టే దారి), చూపు మీద మనసు పెడతాడు. అందుకని నువ్వు ట్రాక్‌కి వెళ్లిన మొదటి రోజుల్లో రెవ్ మ్యాచింగ్ ఆన్‌లోనే ఉంచు. అంటే గేరు దించినప్పుడు ఇంజిన్ చుట్లు బండే పెంచి కలుపుతుంది. ఎమ్2లో దాన్ని సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు, కానీ కుడి పాదంతో బ్రేక్ నొక్కుతూనే అదే పాదం అంచుతో యాక్సిలరేటర్ తట్టే హీల్ అండ్ టో ముందు ఖాళీ రోడ్డు మీద అలవాటు చేసుకుని, తర్వాతే ట్రాక్‌కి తీసుకెళ్లు.

ఇప్పుడు నీకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. నువ్వు గుంటూరులో ఎడమ చేత్తో గేర్లు వేసి నేర్చుకున్నావు. అక్కడ ఒకటి, రెండు గేర్లు నీకు దూరంగా ఉంటాయి, ఐదోది నీ వైపు ఉంటుంది. ఇక్కడ లివర్ నీ కుడి పక్కన ఉంటుంది, గేర్ల వరస మాత్రం మారదు. అంటే ఒకటి, రెండు నీ ఒంటికి దగ్గరగా వస్తాయి. మూడు నుంచి నాలుగుకి వేగంగా లాగేటప్పుడు చెయ్యి సహజంగా మన వైపుకే వస్తుంది. ఇండియాలో అలా లాగితే పెద్ద ప్రమాదం లేదు. ఇక్కడ అలా లాగితే నాలుగో గేరుకి బదులు రెండు పడుతుంది, ఇంజిన్ ఎర్రగీత దాటి తిరుగుతుంది, వాల్వులు వంగిపోతాయి. దీన్నే మనీ షిఫ్ట్ అంటారు. ఆటోమేటిక్ ఇలాంటి గేరు అడిగితే వెయ్యనే వెయ్యదు, స్టిక్‌కి ఆ కాపలా లేదు. లివర్‌ని పిడికిలితో బిగించి పట్టుకోవద్దు. అరచెయ్యి మెల్లగా ఆనించు. లివర్‌ని న్యూట్రల్‌కి తెస్తే లోపలి స్ప్రింగ్ దాన్ని తనంతట తానే మూడు, నాలుగు ఉన్న మధ్య గీతలోకి తెస్తుంది. అక్కడి నుంచి నేరుగా వెనక్కి లాగితే చాలు. ఇంజిన్ ఆపి, క్లచ్ నొక్కి, పార్కింగ్‌లో కళ్లు మూసుకుని ఇది సాధన చెయ్యి. చేతికి పట్టేదాకా గేర్లు తొందరగా మార్చకు.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు ఖాళీ రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టి వచ్చేయకు. సాయంత్రం ఐ-35 హైవే మీద బండ్లు నత్తనడక నడిచే టైముకి వెళ్లు. ఎడమ కాలు ఎంతసేపటికి నొప్పి పుడుతుందో చూసుకో. కార్బన్ బకెట్ సీట్లు కావాలంటున్నావు కదా, వాటి మధ్యలో తొడల నడుమ ఎత్తుగా ఒక గట్టు ఉంటుంది, క్లచ్ పెడల్‌తో అది కొందరికి అడ్డం. కూర్చుని చూడకుండా ఆర్డర్ పెట్టకు. ఇంకొకటి, ఈ కాలం ఇంజిన్లలో క్లచ్ నొక్కగానే చుట్లు వెంటనే పడిపోవు, కాసేపు వేలాడతాయి. పొగ నిబంధనల కోసం థ్రాటిల్‌ని నెమ్మదిగా మూస్తారు, అందుకు. దీన్ని రెవ్ హ్యాంగ్ అంటారు. మారుతి 800 అలవాటుతో టకటకా గేర్లు వేస్తే బండి కుదుపుతుంది. ఆ కుదుపు చూసి నీకు నడపడం రాలేదని దిగులు పడకు, చుట్లు దిగేదాకా ఆగి క్లచ్ వదులు.

క్లచ్ మీద పాదం ఆనించి నడపొద్దు. వాలు మీద క్లచ్‌తో బండి నిలబెట్టొద్దు. పాత ఎమ్2 దొరికితే ఎక్కువ గేరులో, తక్కువ చుట్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి చూడు. చుట్లు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే. కొత్తదైతే 1,200 మైళ్ల సర్వీస్ దాటేదాకా గట్టిగా తోలకు. ఒకవేళ చివరికి ఆటోమేటిక్కే తీసుకుంటే లైఫ్‌టైమ్ ఆయిల్ అన్న మాట నమ్మకు. ఆ గేర్‌బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్‌యే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

షరతులన్నాను కదా. ఒకటి, ఇంట్లో ఆఫీసుకు వెళ్లడానికి ఇంకో ఆటోమేటిక్ కారు ఉండాలి. మీకు ఎస్‌యూవీ ఉంది, అది అమ్మకు. రెండు, అమ్మాయికి స్టిక్ నడపడం వచ్చుండాలి, లేదా నేర్చుకోవాలని తనకే ఉండాలి. ఇంట్లో ఒకరు తాకలేని బండి అవసరం వచ్చినప్పుడు బరువవుతుంది. ఈ రెండూ కుదరకపోతే ఏమీ అనుకోకుండా ఆటోమేటిక్ తీసుకుని, ప్యాడిల్స్‌తో నడుపుకో, అది కూడా గొప్ప బండే.

ఇంకో మాట. స్టిక్ ఆనందమే నీకు ముఖ్యమైతే, 228 హార్స్‌పవర్ ఉన్న టొయోటా జీఆర్86 కూడా ఒకసారి నడిపి చూడు. ఎమ్2 ధరలో సగం కూడా ఉండదు. తక్కువ శక్తి ఉన్న కారులో ప్రతి గేరునీ పూర్తిగా వాడుకోవచ్చు. అది నడిపాక కూడా ఎమ్2 మీదే మనసుంటే అప్పుడు కొను.

డీలర్ దగ్గర కాగితాల మీద సంతకం పెట్టే ముందు నాకు ఫోన్ చెయ్యి, ఆప్షన్ల లిస్టు ఒకసారి కలిసి చూద్దాం. అక్కని, అమ్మాయిని అడిగానని చెప్పు.

మీ మామయ్య