టెక్ సందేహాలు: రాత్రంతా లాగింగ్ పెట్టినా రీడింగులు ఎందుకు తప్పాయి?

ప్రశ్న: మాది కోవూరు దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు, ఊక బాయిలర్. పొగగొట్టంలోని వాయువులను కొలిచే, చేత్తో పట్టుకునే ఫ్లూ గ్యాస్ ఎనలైజర్‌తో రాత్రి షిఫ్టు 10 గంటలూ నిమిషానికోసారి రీడింగ్ దానంతటదే సేవ్ అయ్యేలా పెట్టాం. మొదటి రెండు గంటలూ ఆక్సిజన్ 7, 8 శాతం మధ్య ఉంది. తర్వాత మెల్లగా పెరిగి తెల్లారేదాకా 20.9 దగ్గరే నిలబడింది. సీవో (కార్బన్ మోనాక్సైడ్) సున్నా. సాఫ్ట్‌వేర్ లోపమా?

జవాబు: లాగింగ్ సరిగ్గానే జరిగింది. కాకపోతే రెండు గంటల తర్వాత సెల్ (వాయువుని కొలిచే సెన్సర్) దాకా పొగ రాలేదు, గాలి వచ్చింది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతమే. పరికరం ఆ గాలినే నమ్మకంగా రాసుకుంటూ పోయింది.

ముందు అదే ఫైల్లో పొగ ఉష్ణోగ్రత కాలమ్ చూడండి. ఆక్సిజన్ పెరిగేటప్పుడు ఉష్ణోగ్రత కూడా పడిపోతూ ఉంటే బాయిలర్‌లో మంట తగ్గిందని అర్థం. అప్పుడు రీడింగ్ నిజమే. ఉష్ణోగ్రత ఎప్పటిలాగే ఉండి ఆక్సిజన్ మాత్రం 20.9కి చేరితే తప్పు శాంపిల్ గొట్టంలో ఉంది. ప్రోబ్ (పొగలోకి దూర్చే కడ్డీ) కొసన ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్‌కి పంపుతో పనిలేదు కాబట్టి ఈ పోలిక చాలా నికరంగా తేలుస్తుంది.

ఊక పొగలో తేమ బాగా ఉంటుంది. గొట్టంలో చల్లబడగానే అది నీరై ట్రాప్‌లో (నీటిని పట్టే గిన్నెలో) చేరుతుంది. ట్రాప్ నిండితే ఫిల్టర్ తడిసి మూసుకుపోతుంది. పంపు మాత్రం లాగుతూనే ఉంటుంది కాబట్టి జాయింట్ల సందుల్లోంచి బయటి గాలి పీల్చుకుంటుంది. రీడింగ్ ఒక్కసారిగా కాక మెల్లగా ఎక్కిందంటే ఎక్కువగా ఇదే కారణం. పరీక్ష సులువు: ప్రోబ్ చల్లారాక పంపు నడుస్తుండగా కొసను బొటనవేలితో గట్టిగా మూయండి. పంపు శబ్దం బరువెక్కాలి, ఫ్లో తక్కువని హెచ్చరిక రావాలి. శబ్దం మారకపోతే ఎక్కడో లీకుంది. ట్రాప్ మూత రబ్బరు రింగు, ఫిల్టర్ గూడు, ప్రోబ్ పిడి దగ్గరి కనెక్టర్ వరుసగా చూడండి.

ఇక సెట్టింగులు. మొదట గడియారం, తేదీ సరిచేయండి, ఆ తర్వాతే మిగతావి. ఆటో పవర్ ఆఫ్ తీసేసి, చార్జర్ తగిలించి ఉంచండి. లాగ్ మోడ్‌లో ఆ క్షణపు రీడింగ్ కాకుండా సగటు ఎంచుకోండి. ఊక పడ్డప్పుడల్లా సీవో ఎగిసి పడుతుంది, నిమిషానికి ఒక్క క్షణం చూస్తే అది దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. 10 సెకన్లకోసారి పెడితే వివరం పెరుగుతుందనుకోవద్దు: ఆక్సిజన్ సెల్ స్థిరపడటానికే 20, 30 సెకన్లు, సీవో సెల్‌కి నిమిషం దాకా పడుతుంది. నిమిషానికోసారి అయితే 10 గంటలకు 600 రికార్డులు, 10 సెకన్లకైతే 3,600. మీ పరికరం మెమరీ ఎంతో చూసుకోండి. నిండాక పాతవి చెరిపేస్తుందా, లాగింగ్ ఆపేస్తుందా అన్నది కూడా మెనూలోనే ఉంటుంది.

అసలు చేతి ఎనలైజర్‌ని రాత్రంతా పొగలో ఉంచకూడదు, సెల్స్ త్వరగా పోతాయి. 5 నిమిషాలు కొలత, 10 నిమిషాలు శుభ్రమైన గాలితో కడగడం, ఇలా వంతులవారీగా నడిచే ప్రోగ్రామ్ ఉంటే అది పెట్టండి. కడిగే వేళ వచ్చే 20.9లు సగటులో కలవకుండా స్థితి కాలమ్ (కొలతా, కడగడమా అని చెప్పేది) కూడా లాగ్ అయ్యేలా చూడండి. ఆ గాలి తీసుకునే గొట్టం బాయిలర్ షెడ్డు బయట ఉండాలి. పొగ చుట్టుముట్టిన చోట పరికరాన్ని సున్నాకి సరిచేస్తే అక్కడున్న సీవోనే సున్నా అనుకుంటుంది, తర్వాత సీవో రీడింగులన్నీ తక్కువే చూపిస్తుంది. నిజంగా 24 గంటల రికార్డు కావాలంటే గ్యాస్ కూలరున్న స్థిర ఎనలైజరే తీసుకోవాలి.

ప్రశ్న: సింగరాయకొండ దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేస్తాను. కంప్రెసర్ గదిలో 0–100 పీపీఎం అమ్మోనియా డిటెక్టర్‌ని డేటా లాగర్‌కి (రీడింగులు రాసుకునే పరికరానికి) కలిపాం. వాసనే లేదు, డిటెక్టర్ తెర మీద సున్నా, లాగర్‌లో మాత్రం ఎప్పుడూ 20.

జవాబు: ఆ 20 అంకెలోనే జవాబుంది. డిటెక్టర్ సున్నాకి 4, వందకి 20 మిల్లీఆంప్స్ కరెంటు పంపుతుంది. మీ లాగర్ ఇన్‌పుట్ 0–20 అని పెట్టి ఉంది, 20లో 4 అంటే 100లో 20. ఇన్‌పుట్‌ని 4–20కి మార్చండి. లాగర్ వోల్టేజి మాత్రమే తీసుకునేదైతే ఇన్‌పుట్ రెండు టెర్మినళ్ల మధ్య 250 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, 1–5 వోల్టులకు 0–100 అని స్కేల్ ఇవ్వండి. సరిచూసుకోవడానికి: 8 మిల్లీఆంప్స్‌కి 25, 12కి 50 రావాలి.

ఇంకో సంగతి, ఇది ప్రాణాలతో ముడిపడింది. కొన్ని లాగర్లలో మైనస్ విలువలను సున్నాగా చూపే ఆప్షన్ ఉంటుంది. దాన్ని తప్పకుండా తీసేయండి. తీగ తెగితే కరెంటు సున్నా, లెక్క ప్రకారం మైనస్ 25 కనబడాలి. ఆ ఆప్షన్ ఉంటే తెగిన తీగ కూడా శుభ్రమైన గాలిలాగే కనిపిస్తుంది. మామూలుగా నిమిషానికోసారి, 25 పీపీఎం దాటితే సెకనుకోసారి రాసేలా పెట్టండి. సైరన్‌ని లాగర్‌కి అప్పగించొద్దు, డిటెక్టర్‌లోనే ఉండే రిలే (స్విచ్) నుంచే నేరుగా ఇవ్వండి.

ప్రశ్న: ఒంగోలు నుంచి. ఎనలైజర్ సీఎస్‌వీ ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే 5 నవంబరు కాస్తా 11 మే అవుతోంది.

జవాబు: కంప్యూటర్ నెల ముందు, తేదీ తర్వాత అనే అమెరికా పద్ధతిలో ఉంది. నెలలో 12వ తేదీ దాకా తారుమారవుతాయి, 13 నుంచి తేదీగా గుర్తించలేక గడిలో ఎడమవైపుకి అంటుకుని ఉంటాయి. ఫైలుని డబుల్ క్లిక్ చేయకుండా, ఖాళీ షీట్‌లో డేటా మెనూ నుంచి టెక్స్ట్ ఫైలుగా దిగుమతి చేసి, ఆ కాలమ్‌కి తేదీ–నెల–సంవత్సరం వరుస చెప్పండి. పరికరంలో సంవత్సరం ముందు వచ్చే ఫార్మాట్ ఉంటే అదే పెట్టుకోండి, ఈ తిప్పలుండవు. తప్పుగా తెరిచిన ఫైలుని మాత్రం సేవ్ చేయకండి. తేదీలతో పాటు సెకన్లు కూడా పోవచ్చు, మళ్ళీ రావు.