బోరు నీళ్ళ ఇంట్లో గీజరు

తల్లీ,

ఫ్లాట్ కొన్నావని, వచ్చే నెలలోనే గృహప్రవేశమని మీ నాన్న ఫోన్ చేశాడు. కడుపు నిండిపోయింది. అక్కడ మంజీరా నీళ్ళు కాసేపే వస్తాయట, మిగతాదంతా బోరేనట. నువ్వేమో అప్పుడే గీజరు, వాషింగ్ మెషిన్, డిష్‌వాషర్ అన్నీ ఆర్డర్ పెట్టేశావట. ఆ మాట విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

ముందు నీళ్ళ సంగతి తేల్చుకో. టీడీఎస్ మీటర్ ముంచి చూపించి సాఫ్ట్‌నర్ అమ్మేవాడి మాట నమ్మకు. నీళ్ళలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో ఆ మీటర్ చెబుతుంది గానీ అందులో గార కట్టేది ఎంతో చెప్పదు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం లాక్కుని బదులు సోడియం వదులుతుంది కాబట్టి, నీళ్ళు మారినా మీటర్ అంకె దాదాపు అక్కడే ఉంటుంది. ఆ గార కట్టే గుణాన్నే, అంటే హార్డ్‌నెస్‌ని, కొలిచే చుక్కల కిట్ తెచ్చుకో. ద్రాక్షరంగు నీళ్ళు నీలంగా మారేదాకా చుక్కలు లెక్కపెట్టాలి, అంతే. హార్డ్‌నెస్‌కి మన తాగునీటి ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా. అది తాగడానికి పెట్టిన హద్దు. గీజరుకి 300 కూడా ఎక్కువే.

నా దిగులంతా ఆ గీజరు మీదే. బోరు నీళ్ళలోని బైకార్బనేట్లు వేడికి సున్నపు గారగా మారి ఎలిమెంట్‌కి అంటుకుంటాయి. ఆ గార వేడిని నీళ్ళకి అందనివ్వదు. ఎలిమెంట్ లోలోపలే మాడి, పైతొడుగు పగిలి, నీళ్ళలోకి కరెంటు దిగుతుంది. ఎర్తింగ్ పరీక్ష చేయించు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్, 30 మిల్లీ ఆంపియర్లది, పెట్టించాకే గీజరు వాడు. డయల్ 60 డిగ్రీలు దాటనివ్వకు, దాటేకొద్దీ గార జోరెక్కువ.

ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి జరుగుతున్న ఒక తప్పు మాత్రం నీ ఇంట్లో జరగడానికి వీల్లేదు. చన్నీళ్ళ పైపు గీజరులోకి వెళ్ళేచోట ఒక ఇత్తడి వాల్వ్ ఉంటుంది. నీళ్ళు కాగుతున్నప్పుడు దాని పక్కరంధ్రం నుంచి చుక్కలు పడతాయి. గోడ తడుస్తోందని ప్లంబర్‌ని పిలుస్తారు, అతను ఆ రంధ్రానికి డమ్మీ మూత బిగించి చేతులు దులుపుకుంటాడు. అది లీకేజీ కాదమ్మా! 25 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 60కి కాగేసరికి సుమారు 350 మిల్లీలీటర్లు పెరుగుతాయి. కుళాయిలు కట్టేసి ఉంటాయి, ఆ ఇత్తడి వాల్వ్‌లోనే ఉండే నాన్ రిటర్న్ వాల్వ్ వెనక్కి పోనివ్వదు. పెరిగిన నీళ్ళకి ఆ రంధ్రం ఒక్కటే దారి. దాన్ని మూసేస్తే ఒత్తిడంతా ట్యాంకు వెల్డింగ్ మీద పడుతుంది. ఏదో ఒకరోజు థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయి, వేడి మితిమీరితే కరెంటు ఆపాల్సిన కటౌట్ కూడా మొరాయిస్తే, లోపల నీళ్ళు 100 డిగ్రీలు దాటిపోతాయి. అప్పుడు ట్యాంకు పగిలితే ఆ నీళ్ళలో కొంత భాగం ఒక్క క్షణంలో ఆవిరైపోతుంది. ఆ సమయానికి బాత్రూమ్‌లో పిల్లలుంటే ఏమిటన్నది ఊహించడానికే చేతులు వణుకుతాయి.

పైగా ఎవరూ డమ్మీ పెట్టకపోయినా గారే ఆ రంధ్రాన్ని పూడ్చేస్తుంది. రోజూ పడే చుక్కలు ఉన్నట్టుండి ఆగిపోతే వాల్వ్ చూపించు. లీవర్ ఉన్న వాల్వే అడిగి తీసుకుని, నెలకోసారి నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు లీవర్ ఎత్తి వదులు. ధారగా వచ్చి టక్కున ఆగాలి. గీజరు ఆపేశాక కూడా రోజంతా కారుతుంటే వాల్వ్ లోపల మూసుకునే సీటు మీద గార పేరుకున్నట్టు, లేదా పంపు ఒత్తిడి ఎక్కువైనట్టు. తడి నీకు చికాకైతే రంధ్రానికి చిన్న పైపు తగిలించి డ్రెయిన్‌లోకి వాలుగా వదిలెయ్, చివర మాత్రం తెరిచే ఉండాలి.

సర్వీసు ఏడాదికోసారి. ఎంసీబీ దించి, చల్లారాక ట్యాంకు ఖాళీ చేసి, ఎలిమెంట్ బయటికి తీస్తారు. స్క్రూడ్రైవర్‌తో గార కొట్టనివ్వకు. లీటరు గోరువెచ్చని నీళ్ళకి 100 గ్రాముల నిమ్మఉప్పు కలిపి, కరెంటు కొనలు తడవకుండా నురగ ఆగేదాకా నానబెట్టమను. పక్కనే మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ట్యాంకుని పట్టాల్సిన తుప్పు తను భరించి కరిగిపోతుంది. సగానికి తగ్గితే మార్పించు, గాస్కెట్ కూడా. తిరిగి బిగించాక వేడినీళ్ళ కుళాయి నిండు ధారగా వచ్చేదాకా స్విచ్ వేయకూడదు.

డిష్‌వాషర్‌లో అడుగున ఉప్పు గది ఉంటుంది. అందులో వంట ఉప్పు పోయకు. డిష్‌వాషర్ ఉప్పే పోసి, ఒలికిన ఉప్పు స్టీలుని తినేయకుండా వెంటనే మెషిన్ నడుపు. నీ కిట్‌లో వచ్చిన అంకెని బట్టి హార్డ్‌నెస్ సెట్టింగ్ మార్చు. చాలామంది ఇది మరిచిపోయి, గ్లాసుల మీద తెల్లమచ్చలు చూసి కంపెనీని తిడతారు.

వాషింగ్ మెషిన్ నీళ్ళ పైపు దగ్గరి జల్లెడ అప్పుడప్పుడు కడుగు. షవర్‌కి వెనిగర్ చాలు, బాత్రూమ్ యాసిడ్ క్రోమ్‌ని తినేస్తుంది. నిమ్మఉప్పుని గానీ వెనిగర్‌ని గానీ బ్లీచింగ్‌తో కలపకు, విషవాయువు వస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే. పప్పు మాత్రం ఆ బోరు నీళ్ళలో ఎంతకీ ఉడకదు, దానికి మంజీరా నీళ్ళు పట్టి ఉంచుకో.

గీజరు బిగించే రోజు ముందుగా చెప్పు. వాల్వ్ మీద బాణం గుర్తు గీజరు వైపే ఉందో లేదో ఫోటో తీసి పంపు. నేను చూసి సరేనన్నాకే స్విచ్ వెయ్యి.

మీ బాబాయి