'ఇన్ ద కట్' రివ్యూల మీద రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

జేన్ కాంపియన్ 2003లో తీసిన 'ఇన్ ద కట్'ని విమర్శకులు ఎలా చూశారో వ్యాసం రాస్తానన్నావు. చాలా సంతోషం. అడిగావు కాబట్టి చెబుతున్నాను. రివ్యూలు పక్కన పెట్టి ముందు సినిమా చూడు. అవి ముందే చదివేశావంటే మెగ్ రయాన్ తెరమీదికి రాగానే నీ కళ్లు మూసుకుపోయి, అప్పటివాళ్ల కళ్లతో చూడటం మొదలుపెడతావు.

మొదటిసారి కథ కోసం చూడు, రెండోసారి కెమెరా కోసం. కెమెరామన్ డియాన్ బీబ్ తీసిన షాట్లలో చాలావాటిలో ఒక్క చోటే స్పష్టంగా ఉంటుంది, అంచులన్నీ మసకేసిపోతాయి. మెగ్ రయాన్ వేసిన ఫ్రానీ న్యూయార్క్ వీధిలో నడుస్తుంటే పక్కనుంచి వెళ్లేదెవరో మనకూ సరిగ్గా కనబడదు. ఆమె ఇంగ్లీషు టీచరు. చెవినపడ్డ మాటలూ, సబ్‌వే రైల్లో అంటించిన కవితల పంక్తులూ ఏరి దాచుకుంటుంది. హత్య గురించి అడగడానికి వచ్చిన డిటెక్టివ్ మలాయ్ అంటే ఆమెకి కోరికా ఉంది, అతనే హంతకుడేమోనన్న భయమూ ఉంది. ఆ మసక నీకు అనవసరపు హంగులా అనిపించిందా, ఆమె భయంలా అనిపించిందా? ఒక్క రివ్యూ కూడా తెరవకముందే కాగితం మీద పెట్టుకో.

ఇంకో దృశ్యాన్ని గుర్తుపెట్టుకో. ఫ్రానీ తల్లిదండ్రులు మంచు మీద స్కేటింగ్ చేస్తూ ప్రేమలో పడటం పాత ఫొటోల రంగులో ఒక కలగా కనిపిస్తుంది. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. తర్వాత అదే కలలో స్కేట్ల పదును తల్లి కాళ్ల మీదుగా పోతుంది. ప్రేమకథ అని చెప్పి ఆడపిల్ల చేతికి అందించినదాని లోపల ఏముందో కాంపియన్ అక్కడ చూపించేసింది. నన్నడిగితే సినిమా గుండెకాయ అదే, హంతకుడెవరన్నది కాదు. ఆ దృశ్యం ఊసే ఎత్తని రివ్యూ ఎంత బాగా రాసినా దాన్ని కాస్త అనుమానంగానే చదువు.

ఇక రివ్యూల దగ్గరికి వస్తే, ప్రతిదాని పక్కనా ఒక ప్రశ్న రాసుకో: ఈ మనిషి దేన్ని ఆశించి వచ్చాడు? 'ద పియానో'తో 1993లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ దోర్ అందుకున్న దర్శకురాలు కాంపియన్. ఆ బహుమతి ఒక మహిళకి రావడం అదే మొదలు. అలాంటి ఆవిడ సీరియల్ కిల్లర్ కథ తీయడమేమిటని వచ్చినవాళ్లున్నారు. రొమాంటిక్ కామెడీల మెగ్ రయాన్‌ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లున్నారు. నిజానికి ఆ పాత్ర మొదట నికోల్ కిడ్‌మన్ చేయాల్సింది, చివరికి ఆవిడ నిర్మాతగా మాత్రమే ఉండిపోయింది. ఇక 'ఫేటల్ అట్రాక్షన్' (1987), 'బేసిక్ ఇన్‌స్టింక్ట్' (1992) లాంటివాటికి అలవాటుపడి వచ్చినవాళ్లు సరేసరి. ఆ సినిమాల్లో ప్రమాదమంతా ఆడదాని కోరికలో ఉంటుంది. ఇక్కడ చూసేదీ కోరుకునేదీ ఆమె, ప్రమాదం మగవాళ్ల వైపునుంచి వస్తుంది. ఆ తిరగేయడాన్ని పట్టుకున్న రివ్యూ ఏది, పట్టుకోనిది ఏది అని విడదీస్తే నీ వ్యాసం సగం తయారైనట్టే.

అంకెలతో జాగ్రత్త. ఈ సినిమాకి సినిమాస్కోర్‌లో ఎఫ్, అంటే అట్టడుగు గ్రేడు, వచ్చింది, ఆ సంగతి నీకు అడుగడుగునా తగులుతుంది. అది విమర్శకుల తీర్పు కాదు. విడుదలైన కొత్తలో హాల్లో ప్రేక్షకులకి కార్డులిచ్చి తీసుకునే అభిప్రాయం. ట్రైలరూ పోస్టరూ ఇచ్చిన మాటకీ తెరమీద చూసినదానికీ మధ్య ఎంత దూరముందో అది బాగా చెబుతుంది, సినిమా ఎలాంటిదో అంత బాగా చెప్పదు. సోడర్‌బర్గ్ 'సొలారిస్' (2002)కీ, 'కిల్లింగ్ దెమ్ సాఫ్ట్‌లీ' (2012)కీ, అరొనోఫ్‌స్కీ 'మదర్!' (2017)కీ అదే ఎఫ్ వచ్చింది. పెద్ద స్టార్లని చూసి టికెట్ కొన్నవాళ్లు వేరే సినిమా చూడాల్సి వచ్చిన సందర్భాలవి. విమర్శకుల రివ్యూలు పోగుచేసే రాటెన్ టొమాటోస్ సైటు శాతమూ అంతే. ఎంతమంది మెచ్చుకున్నారో అందులో తెలుస్తుంది గానీ, ఎంత గట్టిగా మెచ్చుకున్నారో తెలియదు.

'అప్పట్లో అందరూ తిట్టిపోశారు' అని మాత్రం దయచేసి రాయకు. అప్పుడు లాస్ ఏంజిలిస్ టైమ్స్‌లో ఉన్న విమర్శకురాలు మనోలా డార్గిస్ లోపాలున్నాయని ఒప్పుకుంటూనే ఈ సినిమా వైపు గట్టిగా నిలబడింది. అలాంటి గొంతులు తక్కువే, కానీ ఉన్నాయి. వాళ్లని వదిలేస్తే ఇరవై ఏళ్ల తర్వాత మనమే ఈ సినిమాని కనిపెట్టామన్న గొప్ప మిగులుతుంది, అది నిజం కాదు.

బ్రిటిష్ దర్శకుడు మైఖేల్ పవెల్ తీసిన 'పీపింగ్ టామ్' (1960)కి పట్టిన గతితో పోల్చాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. బ్రిటన్ పత్రికలు దాన్ని చీల్చి చెండాడాయి, ఆయన కెరీర్ అక్కడ బాగా దెబ్బతింది. సుమారు రెండు దశాబ్దాల తర్వాత అమెరికన్ దర్శకుడు స్కోర్సేసీ అండతో అది మళ్లీ జనం ముందుకు వచ్చింది. పోల్చు, తప్పులేదు. కానీ నాటి విమర్శకులు మూర్ఖులు, నేటివాళ్లు తెలివైనవాళ్లు అనే అచ్చులో దీన్నీ పోసేయకు. హంతకుడు బయటపడే ఘట్టం తొందరగా, బరువు లేకుండా అయిపోతుందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మాట అప్పుడన్నవాళ్లని తప్పుపట్టలేను. నీకూ అలాగే అనిపిస్తే దాచకు. సినిమాని ప్రేమిస్తూనే ఆ మాట రాయొచ్చు.

రయాన్ ఆ ఏడాది బీబీసీ టాక్‌షోలో హోస్ట్ పార్కిన్సన్‌కిచ్చిన ఇబ్బందికరమైన ఇంటర్వ్యూకి ఒక్క వాక్యం చాలు. దాని గురించి రాసినవాళ్లలో చాలామంది సినిమా గురించి రాయలేదు.

చివరిగా రెండు పనులు చెయ్యి. అన్‌రేటెడ్ (సెన్సారు రేటింగు లేని) డీవీడీ వేరేగా ఉంది కాబట్టి, నువ్వు చూసిన వెర్షన్ ఏదో వ్యాసంలోనే చెప్పు. ఈ సినిమాకి మూలమైన, సుసానా మూర్ 1995లో రాసిన నవల కూడా చదువు. నవలలో ఫ్రానీ చనిపోతుంది, సినిమాలో బతుకుతుంది. ముగింపు మార్చారని కోప్పడ్డవాళ్లు కాంపియన్‌ని ఏ పుస్తకంతో కొలుస్తున్నారో అప్పుడు నీకే తెలుస్తుంది. మొదటి డ్రాఫ్టు అవ్వగానే పంపు. ముందుగా స్కేటింగ్ దృశ్యం గురించి ఏం రాశావో చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి