'హోమ్లీ' అని రాసే ముందు

బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

థాంక్స్ గివింగ్ రోజు భోజనానికి పిలిచిన మీ ప్రొఫెసర్‌గారికి రాసిన ఉత్తరం, పంపే ముందు నాకు చూపించి మంచి పని చేశావు. అంతా బాగుంది, ఒక్క వాక్యం తప్ప. 'యూ ఆర్ ఎ వెరీ హోమ్లీ లేడీ' అన్నావే, అది తీసెయ్యి.

నీ ఉద్దేశం నాకు తెలుసు. ఇంటి మనిషిలా చూసుకుంది, కొసరి కొసరి వడ్డించింది, అదేగా. కానీ అమెరికాలో మనిషిని హోమ్లీ అంటే చూడ్డానికి బాగోదని అర్థం. పండగపూట అన్నం పెట్టినావిడ ఆ ముక్క చదివితే ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించు.

ఇందులో నీ తప్పేం లేదమ్మా. అమీర్‌పేట హాస్టల్ బోర్డుల మీద హోమ్లీ ఫుడ్, పెళ్లి ప్రకటనల్లో హోమ్లీ గర్ల్ చూస్తూ పెరిగాం. మీ అక్క సంబంధాలప్పుడు ఆ మాట నేనే రాసిచ్చాను, పనీపాటా తెలిసిన అణకువైన పిల్ల అని చెప్పడానికి. అమెరికాలోనే పుట్టి పెరిగిన ఒకబ్బాయి, అక్క ఫోటో చూసి, 'అమ్మాయి చక్కగా ఉంది కదండీ, అలా ఎందుకు రాశారు?' అని అడిగాడు. అప్పుడు డిక్షనరీ తీసి చూశాను. మీ అక్క ఆ రోజు సరిగ్గా అన్నం తినలేదు. అది నాకిప్పటికీ బాధే.

ఆ అర్థం అమెరికావాళ్లు కల్పించింది కాదు. 400 ఏళ్ల కిందటే ఇంగ్లండులో ఉంది. ఇంటికి సంబంధించినది అంటే సాదాసీదాది, ఆర్భాటం లేనిది. మొహం విషయానికొచ్చేసరికి ఆ సాదాతనమే అందం లేకపోవడం అయింది. బ్రిటన్‌లో మాత్రం ఒక గదిని హోమ్లీ అంటే ఈ రోజుకీ మెచ్చుకోలే, ఇంట్లో ఉన్నంత హాయిగా ఉందని. ఆ హాయికి అమెరికావాళ్లు వాడే మాట హోమీ.

కాబట్టి ఇంటిని హోమీ అను, వంటని హోమ్ కుక్డ్ అను, మనిషిని వార్మ్ అనో కైండ్ అనో అను. ఇంకోటి, చివర 'లీ' ఉంది కదా అని స్లోలీలాగా క్రియకి తగిలించకు. 'షీ కుక్స్ హోమ్లీ' అనరు. ఇది ఫ్రెండ్లీలాగా విశేషణం.

నువ్వు మాంసం తినవని తెలిసి ఆవిడ నీకోసం విడిగా చిలగడదుంపలు వేయించి పెట్టిందని ఫోన్లో చెబుతుంటే నీ గొంతు పూడుకుపోయింది. ఆ సంగతే రాయి. దాని కింద 'యూ మేడ్ మీ ఫీల్ ఎట్ హోమ్' అని చేర్చు. రాత్రికి నాకోసారి పంపు, చూస్తాను.

పెద్దమ్మ