నీళ్ల నడిమధ్య ఇంజన్ ఆగితే

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

శ్రీశైలం డ్యాం నీళ్లలో సంగమేశ్వరం నుంచి సిద్ధేశ్వరం కొండల దిక్కు బోటు వేసుకొని పోతానని రాసినావు. పోవద్దని అనను. అయితే ఇంజన్ ఆగిపోతుందనుకొనే బయలుదేరు. ఆగినాక చేసే పనికన్నా గట్టున చేసుకొని పోయే పనే ఎక్కువ.

ముందు తెడ్లు. రెండో ఇంజన్ సంగతి తర్వాత చూద్దువు, రెండు గట్టి తెడ్లు బోటులో లేకుండా తాడు విప్పొద్దు. లంగరు తాడు నీటి లోతుకు ఐదింతలన్నా ఉండాల. తాడు నిట్టనిలువుగా ఉంటే లంగరు నేలను పట్టదు, ఈడ్చుకుంటూ వస్తుంది. కొండల మధ్య లోతులో అది అందదు కాబట్టి ఒక బకెట్టుకు పదిహేను మీటర్ల తాడు కట్టి పెట్టుకో.

ఇంజన్ ఆగిన వెంటనే అందరూ దాని మీదికి వంగుతారు. అదే తప్పు. బోటు అడ్డం తిరిగితే గాలికి లేచిన అలలు పక్కనుంచి లోపలికి కొడతాయి. కాబట్టి మొదట లంగరు వెయ్యి, అది అందకుంటే బకెట్టును బోటు ముందు కొసకు కట్టి నీళ్లలోకి వదులు. ముందు కొస గాలికి ఎదురుగా నిలుస్తుంది. లైఫ్ జాకెట్లు ఎక్కేటప్పుడే తొడగాల, ఆగినాక వెతుక్కోవడం కాదు. పోతిరెడ్డిపాడు కాలువ గేట్లు ఎత్తిన రోజుల్లో నీళ్లు ఆ దిక్కు లాగుతుంటాయి, ఇంజన్ లేని బోటుతో అటు దగ్గరికి పోవద్దు.

బోటు నిలబడినాక ఇంజన్ చూడు. కిల్ స్విచ్ (ఇంజన్‌ను ఆపేసే స్విచ్) క్లిప్పు ఊడిందా? గేరు న్యూట్రల్‌లో ఉందా? ట్యాంకు మూత మీది గాలి స్క్రూ విప్పినావా? దాన్ని మరిచిపోతే లోపల గాలి చాలక పెట్రోలు రాదు. పైపు మీది రబ్బరు బల్బు నొక్కిచూడు. ముడుచుకుపోయి ఉంటే గాలి స్క్రూ గానీ, ట్యాంకు వైపు పైపు గానీ మూసుకుపోయింది. ఎంత నొక్కినా గట్టిపడకుంటే ట్యాంకు ఖాళీ, లేదా పైపు జాయింటులో గాలి పీలుస్తోంది. ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది: తుడిచి బిగించి, చోక్ ఆఫ్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి తాడు లాగు.

పెట్రోలును మూడు భాగాలనుకో: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది ముట్టుకోవద్దు. టూ స్ట్రోక్ ఇంజనైతే, దాని పుస్తకం 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చుకుంటుంది, నెలల తరబడి సగం ట్యాంకుతో ఉంచితే అడుగున నీళ్లు చేరతాయి. అడుగు పెట్రోలు కొంచెం గాజు సీసాలో పోసి పది నిమిషాలు ఆగు, అడుగున వేరే గీత కనపడితే అది పారబోయాల్సిందే.

పోతున్నంతసేపూ ఇంజన్‌ను చల్లబరిచి పక్కనుంచి చిమ్మే నీటిధారను చూస్తుండు. సన్నబడితే వెంటనే ఆపు. నాచో బురదో నీళ్లు పీల్చే జల్లెడకు అడ్డం పడి ఉంటుంది. ఇంజన్ ఎత్తి జల్లెడ కడిగి, ధార వచ్చే చిల్లులో సన్న తీగతో పొడువు. వేడెక్కిందని అనుమానముంటే అరగంట చల్లారనిచ్చి చూడు.

ఈ డ్యాం నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. నీళ్లు దిగేకొద్దీ మునిగిన మొద్దులు, పాత ఊర్ల గోడలు పైకి వస్తాయి. చేపల వలలు సరేసరి. ఫ్యానుకు వల చుట్టుకుంటే క్లిప్పు తీసి, ఇంజన్ ఎత్తి కత్తితో కోయి. ఫ్యాను వెనక సన్న దారం ఒక్కటి మిగిలినా సీలును కోసేసి గేరు ఆయిల్‌లోకి నీళ్లు దిగుతాయి.

నల్లమల అంచున ఫోను సిగ్నల్ నమ్మొద్దు. మ్యాపు ముందే ఫోనులోకి దించుకో, సిగ్నల్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది. ఏ దారిన పోతావో, ఎన్నింటికి వస్తావో రేవులో ఒకరికి చెప్పి, ఆ వేళ దాటి రెండు గంటలైతే 112కు ఫోను చేయమను. విజిల్, టార్చి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు. చీకటి పడితే గట్టున నీళ్లలో దిగి నడవొద్దు, మొసళ్లున్నాయి. బోటును వదిలి ఈదొద్దు.

పెట్టెలో కొత్త ప్లగ్గులు, ప్లగ్గు పానా, పటకారు, ఫిల్టరు, స్టార్టరు తాడు, నాలుగు షియర్ పిన్నులు (ఫ్యానును ఇరుసుకు పట్టి ఉంచేవి), వాటికి కాటర్ పిన్నులు ఉండాల. ఇంజన్ అరుస్తూ బోటు కదలకుంటే తెగింది ఆ పిన్నే. పాతది చేతపట్టుకొని పోయి అదే సైజు తెచ్చుకో. పిన్ను లేదని మేకు దూర్చొద్దు: పిన్ను ఉండేది తెగడానికే, మేకు తెగకుంటే మొద్దు తగిలినప్పుడు గేర్లు పోతాయి.

మీ మామ